త్రాసు ముల్లు కదలని రోజులు

మన ఆరోగ్యం

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకే సంగతి పదే పదే కనిపిస్తున్నది. బరువు తగ్గడం ఎలా అని అడిగేవారు ఎప్పుడూ ఉన్నారు. వారికి ఇదివరకే రెండు మూడు పర్యాయాలు జవాబు చెప్పడం జరిగింది. ఇప్పుడు అడుగుతున్నవారు వేరు. వీరు కష్టపడి తగ్గినవారు. కొద్దో గొప్పో కాదు, బాగా తగ్గినవారు. తగ్గి తగ్గి ఒకచోట ఆగిపోయారు. తినేది అదే, నడిచేది అదే, త్రాసు ముల్లు మాత్రం కదలదు. వాషర్‌మెన్‌పేట్ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఇటువంటి వాటన్నిటికీ మచ్చుతునక. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఉత్తరంలోని ముఖ్యభాగం ఇది:

"అక్కయ్యగారూ, నాకు 52 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మా అమ్మ చక్కెర వ్యాధితో కాలు పోగొట్టుకుని, మంచంలో నాలుగేళ్ళు తీసుకున్నది. రెండేళ్ళ క్రితం డాక్టరుగారు నా రక్తం పరీక్ష చేయించి, నేనూ ఆ వ్యాధి గుమ్మంలోనే ఉన్నానని చెప్పారు. అప్పుడు నా బరువు 94 కిలోలు. ఆ భయంతోనే మొదలుపెట్టాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక గిన్నెడు అన్నం, కూర, చారు. రాత్రి రెండు చపాతీలు. తెల్లవారుజామున 4 కిలోమీటర్లు నడక. ఒక ఏడాది పైన రెండు నెలలకు 68 కిలోలకు వచ్చాను. అక్కడినుంచి అయిదు నెలలుగా అరకిలో కూడా తగ్గలేదు. 55 కిలోలకు రావాలని నా లెక్క. నేను దొంగతనంగా తింటున్నానని మా ఆడపడుచు హాస్యమాడుతున్నది. రాత్రి భోజనం పూర్తిగా మానేద్దామా, లేక ఈ అవస్థంతా మానేసి అందరిలాగా తిందామా అని రోజూ ఆలోచిస్తున్నాను. చక్కెర మాత్రం ఇప్పుడు మామూలుగా ఉన్నదన్నారు."

ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం చివరిది. దానిని ఆమె ఏదో పొరపాటున జ్ఞాపకం వచ్చినట్లు చివర వ్రాశారు. దాని సంగతికి తరువాత వద్దాం. ముందుగా ముల్లు ఎందుకు ఆగిందో చూద్దాం.

ఇది దొంగతిండి ఫలితమని ఆడపడుచుగారు అనుకోనక్కరలేదు. మనోబలం తగ్గిందని ఈ సోదరి అనుకోనక్కరలేదు. బాగా బరువు తగ్గిన ప్రతి మనిషికీ ఇటువంటి ఘట్టం ఒకటి వస్తుంది. పదిమంది ఉన్న ఇంటిని తలచుకోండి. నెల సామాను చాలక, గాదెలో దాచిన ధాన్యం కొంచెం కొంచెం తీసి వాడుతున్నారనుకుందాం. కొన్నాళ్ళకు ముగ్గురు వేరు కాపురాలకు వెళ్ళిపోయారు. ఇప్పుడు అదే సామాను ఏడుగురికి సరిగ్గా సరిపోతుంది. గాదె జోలికి వెళ్ళే అవసరమే లేదు. శరీరంలో కొవ్వు ఆ గాదె వంటిది. 94 కిలోల శరీరానికి చాలని తిండి 68 కిలోల శరీరానికి చాలుతున్నది. ఆ చాలిన రోజున ముల్లు ఆగుతుంది.

దీనికి అంకెలు కూడా చెప్పవచ్చును. తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజువారీ ఖర్చు సుమారు 20 నుంచి 30 కాలరీల వరకు పడిపోతుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ సోదరి తగ్గినది 26 కిలోలు. అంటే ఆమె శరీరం ఇదివరకటికంటే రోజుకు 500 నుంచి 800 కాలరీల దాకా తక్కువ ఖర్చు చేస్తున్నదన్నమాట. వండని బియ్యం 100 గ్రాములకు సుమారు 350 కాలరీలు. అంచేత దాదాపు ఒక పూట భోజనం అవసరం తీరిపోయినట్లే.

నడక సంగతీ ఇంతే. చదునైన నేలమీద ఒక కిలోమీటరు నడిస్తే, కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది కిలో బరువుకు సుమారు అర కాలరీ. 94 కిలోల మనిషి 4 కిలోమీటర్లు నడిస్తే 190 కాలరీలు. 68 కిలోల మనిషి అంతే దూరం నడిస్తే 135 కాలరీలు. దారి అదే, చెమట కూడా అదేననిపిస్తుంది, కాని ఖర్చు పావువంతుకు పైగా తగ్గిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇంతటితో అయిపోలేదు. శరీరం తన పరిమాణం తగ్గినంత మేరకే కాక, ఇంకొంచెం పొదుపు కూడా చేస్తుంది. కరువు రోజులలో మనిషి బ్రతికి బట్టకట్టడానికి ప్రకృతి ఏర్పాటు చేసిన ఉపాయం ఇది. రెండవ ప్రపంచయుద్ధం చివరి రోజులలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, 24 వారాల పాటు సగం తిండిమీద ఉంచి పరీక్షించాడు. వారు తమ బరువులో సుమారు నాలుగోవంతు పోగొట్టుకున్నారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు చేసే ఖర్చు సుమారు 40 శాతం పడిపోయింది. మొదటి వారాలలో గబగబా తగ్గిన బరువు చివరికి వచ్చేసరికి దాదాపు నిలిచిపోయింది. వారు చలికి వణికారు, మెట్లెక్కడానికి బద్ధకించారు, పగలంతా తిండి గురించే మాట్లాడుకున్నారు. వారు స్థూలకాయులు కారు, మామూలు మనుషులు. అయినా వారి శరీరాలు చేసిన పని మన శరీరాలు చేసేదే.

2016లో వెలువడిన మరొక పరిశోధన కూడా ఇటువంటిదే. అమెరికా టెలివిజన్‌లో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి చూశారు. వారి పరిమాణానికి ఉండవలసిన ఖర్చుకంటే రోజుకు సుమారు 500 కాలరీలు తక్కువగా ఖర్చవుతున్నట్లు తేలింది. చాలామందికి పోయిన బరువులో అధికభాగం తిరిగి వచ్చింది. నిలబెట్టుకున్నవారి సంగతి ఆరా తీస్తే, వారు తమ నడకనూ వ్యాయామాన్నీ మిగిలినవారికంటే ఎంతో ఎక్కువగా పెంచుకున్నవారని తెలిసింది. ఈ ముక్క జ్ఞాపకం ఉంచుకోండి.

ఖర్చు తగ్గడం ఒక ఎత్తు, ఆకలి పెరగడం ఒక ఎత్తు. కొవ్వునుంచి లెప్టిన్ అనే పదార్థం పుట్టి, "నిలవ చాలినంత ఉన్నది" అని మెదడుకు కబురు చెబుతూ ఉంటుంది. దీనిని 1994లో కనుగొన్నారు. కొవ్వు తగ్గితే ఆ కబురు కూడా తగ్గుతుంది; మెదడు ఆకలిని పెంచుతుంది. ఆస్ట్రేలియాలో 2011లో చేసిన పరిశోధనలో, బరువు తగ్గి ఒక సంవత్సరం గడిచిన తరువాత కూడా ఆకలిని పెంచే పదార్థాలు రక్తంలో పాత స్థితికి రాలేదని గమనించారు. కనుక ఏడాది గడిచినా వంటింట్లో చేయి పోపుల డబ్బాకన్నా మురుకుల డబ్బా వైపు పోతుంటే సిగ్గుపడవలసినది లేదు. కాని గమనించుకోవలసినది ఉన్నది.

ఎందుచేతనంటే, ఈ ఆకలి మనకు తెలియకుండానే చేతి కొలత మార్చివేస్తుంది. మొదటి నెలలో కొలిచి పోసిన నూనె పద్నాలుగో నెలలో ఒడుపుమీద పోస్తాము. మొదటి నెలలో తలగొట్టి పెట్టిన అన్నం గిన్నె తరువాత శిఖ కట్టుకుంటుంది. పిల్లలు వదిలిన సగం దోసె పారవేయలేక నోట్లో వేసుకుంటాము. ఇది దొంగతిండి కాదు, గృహిణి బ్రతుకు. అయినా కాలరీలకు ఆ భేదం తెలియదు.

ఇక రాత్రి భోజనం మానే విషయం. ఆ పని చేయవద్దు. బరువు తగ్గేటప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. వ్యాయామం, తగిన మాంసకృత్తులు లేకపోతే పోయిన బరువులో నాలుగోవంతు దాకా కండ కూడా ఉంటుంది. కండ అంటే శరీరపు పొయ్యి. మన భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండ పనిచేయవలసి వచ్చినప్పుడు ఆ క్షణాన అందిరావడానికి దాచుకున్న శక్తి అది. అటువంటి పొయ్యిని ఆర్పుకుని సన్నబడితే ఏమి లాభం? యాభై దాటిన స్త్రీకి కండ తగ్గితే మోకాళ్ళు బలహీనపడతాయి. స్నానాల గదిలో కాలు జారితే నిలదొక్కుకునే శక్తి ఉండదు. పైగా రాత్రి పస్తు ఉన్నవారు మర్నాడు సాయంకాలం నాలుగు గంటలకు బజ్జీల ముందు ఓడిపోవడం మనందరం చూస్తున్నదే.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్‌గాని, కొన్ని రకాల మాత్రలుగాని వాడేవారు పూట భోజనం మానడం మరింత ప్రమాదం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి మరొక హెచ్చరిక. ఇరవై కిలోలు తగ్గిన మనిషికి పాత మోతాదు ఎక్కువ కావచ్చును. లేవగానే కళ్ళు తిరుగుతుంటే డాక్టరుగారికి చెప్పి మోతాదు సరిచూపించుకోవాలి, తమంతట తాము మానకూడదు. ఇక వారంలో అయిదు కిలోలంటూ అమ్మే పొడులు, కషాయాల జోలికి పోనేవద్దు.

సరే, ఏమి చేయాలి? ముందుగా ముల్లు నిజంగా ఆగిందో లేదో తేల్చుకోవాలి. రోజుకు మూడుసార్లు త్రాసు ఎక్కేవారికి నిజం తెలియదు. శరీరంలో నీరు రోజుకు ఒక కిలో అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. ఆవకాయ, అప్పడాలు తిన్న మర్నాడు ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా కండలు కొంత నీరు పట్టుకుంటాయి. కాబట్టి వారానికి ఒక రోజు, ఉదయం, కాలకృత్యాలు తీర్చుకున్న తరువాత, ఏమీ తినకముందు చూసుకుని కాలెండరు మీద వ్రాసి పెట్టుకోండి. నాలుగు వారాల అంకెలు వరుసగా చూస్తే సంగతి తెలుస్తుంది. దానితోపాటు నెలకు ఒకసారి దర్జీ టేపుతో నడుము కొలుచుకోండి. మన దేశపు స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు హద్దు పెట్టారు. బరువు ఆగినా నడుము తగ్గుతున్నదంటే కొవ్వు కరుగుతున్నదనే అర్థం. రవికెలు వదులు చేసుకోవలసి వస్తున్నదా, బిగించుకోవలసి వస్తున్నదా అన్నది కూడా ఒక కొలతే.

నిజంగానే ఆగిందని తేలితే, రెండవ పని నెల సామాను చీటీ తీసి చూడడం. మనిషి తిన్నది మరచిపోతాడు గాని చీటీ మరచిపోదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సలహాల ప్రకారం, రోజుకు 2000 కాలరీలు కావలసిన మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. నలుగురున్న ఇంటికి నెలకు లెక్కవేస్తే సుమారు మూడుంపావు కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. మీ చీటీలో ఎంత ఉన్నదో చూసుకోండి. అయిదు లీటర్ల డబ్బా నెల తిరగకుండా అయిపోతున్నదంటే ముల్లు ఎందుకు ఆగిందో వేరే ఎవరినీ అడగనక్కరలేదు. ఒక పెద్ద చెంచాడు నూనెలో 120 కాలరీల పైచిలుకు ఉన్నవి. ఇంట్లో ఆ రోజుకు వాడవలసిన నూనె పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో కొలిచి పెట్టుకుని, వంటలన్నీ దానితోనే ముగించడం మంచి పద్ధతి. ఇంటిల్లిపాదికీ మేలు.

ఆ సంస్థే చెప్పిన మిగిలిన కొలతలు ఇవి: రోజుకు కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ వంటి గింజలు 35 గ్రాములు. ఈ సోదరి చెప్పిన భోజనంలో అన్నం, ఇడ్లీ, చపాతీ కనిపిస్తున్నవిగాని, పప్పు కనిపించలేదు. చారులోని పప్పుతేట పప్పు కాదు. మాంసకృత్తులు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. 68 కిలోల మనిషికి 56 గ్రాములు. ముద్దపప్పు, పెసరట్టు, ఉడికించిన శనగలు, పెరుగు, తినేవారికి గుడ్డు, కాసిమేడు రేవులో దిగే తాజా చేప పులుసు, ఇవన్నీ కడుపు నిండిన తృప్తినిచ్చి కండను కాపాడతాయి. చేపను నూనెలో వేయించకుండా పులుసు పెడితే మేలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి పప్పు, మాంసం కొలత పెట్టుకోవాలి.

ఆడి మాసంలో అమ్మవారి గుళ్ళ దగ్గర పోసే కూళు మన చాకలిపేటలో అందరికీ తెలిసినదే. ఆ రాగి అంబలిని మజ్జిగతో, ఉల్లిపాయతో వారంలో రెండు రోజులు ఇంట్లోనూ చేసుకోవచ్చును. అయితే రాగి అయినంత మాత్రాన లెక్కలేకుండా త్రాగవచ్చునని కాదు. బియ్యానికీ రాగికీ కాలరీలలో పెద్ద భేదం లేదు. నెమ్మదిగా జీర్ణమై ఆకలిని ఆపుతుందన్నదే మేలు.

మూడవది వ్యాయామం. నడక మంచిదే, మానవద్దు. రాబిన్సన్ పార్కు అని పెద్దలు పిలిచే అణ్ణా పార్కులోనో, మేడమీదనో, ఎక్కడ వీలైతే అక్కడ నడవండి. ఎం.సి. రోడ్డులో బట్టల కొట్ల రద్దీ మొదలుకాకముందే ముగించుకోవచ్చును. కాని నడక ఒక్కటే చాలదు. వారానికి కనీసం రెండు రోజులు కండలకు బరువు తగిలే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. దీనికి జిమ్ముకే పోనక్కరలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కు నెట్టుకోవడం. రెండు చేతులా లీటరు నీళ్ళ సీసాలు పట్టుకుని భుజాల పైకి ఎత్తడం. ఈ మూడూ పదేసి చొప్పున మూడు విడతలు చేస్తే ఇరవై నిమిషాలకు మించి పట్టదు. మోకాలి నొప్పి ఉన్నవారు ఎత్తయిన కుర్చీతో మొదలుపెట్టాలి.

వ్యాయామం కాని కదలిక కూడా ఉన్నది. బరువు తగ్గిన శరీరం మనకు తెలియకుండానే కదలికలో పొదుపు చేస్తుంది. లేవవలసిన చోట కూర్చుంటుంది. కూర్చోవలసిన చోట ఒరుగుతుంది. మన పేట చాకిరేవుల మీద పుట్టిన పేట. కుంపిణీ వారి బట్టలు ఉతికి, చలవ చేసి, ఆరవేసిన చేతులు కట్టిన ఊరు. ఆ చాకిరీ తిరిగి రావాలని ఎవరూ కోరరు, కోరకూడదు. కాని ఆ పనిలో ఖర్చయిన శక్తికి బదులు మనం ఏదో ఒకటి వెదుక్కోవాలి. 2019 ఫిబ్రవరిలో వాషర్‌మెన్‌పేట్‌కు భూగర్భ మెట్రో వచ్చింది. కదిలే మెట్లు ఎదురుగా ఉన్నా, మోకాళ్ళు సహకరించేవారు మామూలు మెట్లు ఎక్కి చూడండి. సాయంకాలం సీరియల్ చూస్తూ బట్టలు మడత పెట్టేది నిలుచుండి పెట్టండి. ఇవి చిన్నవే, కాని రోజూ జరిగేవి.

నాలుగవది నిద్ర. రాత్రి అయిదు గంటలు మాత్రమే నిద్రపోయేవారికి మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది. ఇవన్నీ సరిగా ఉండి కూడా బరువు పెరుగుతుంటే, అలసట, మలబద్ధకం, జుట్టు రాలడం తోడైతే, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. స్టెరాయిడ్ మాత్రలు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా బరువును పెంచుతాయి. వాడుతున్న మందుల జాబితా డాక్టరుగారికి చూపండి.

ఇంత చేస్తే ఎంత తగ్గుతాము? నిజం చెప్పడం మంచిది. రోజుకు 200 కాలరీలు తగ్గించి, ఆ పద్ధతిని విడవకుండా పాటిస్తే చివరకు 8 కిలోల వరకు తగ్గవచ్చును. అందులో సగం తగ్గడానికి ఒక సంవత్సరం పడుతుంది. మిగిలినది మరో రెండేళ్ళు తీసుకుంటుంది. మొదటి ఏడాదిలో నెలకు రెండు కిలోల చొప్పున తగ్గిన మనిషికి ఇది నత్తనడకగా తోస్తుంది. కాని ఇప్పటి నడక ఇదే. ఇంకో మార్గం కూడా ఉన్నది. ఆరు నెలలపాటు తగ్గే ప్రయత్నమే మాని, 68ని 68గా నిలబెట్టుకోవడం. ఇది ఓటమి కాదు. అమెరికాలో 1994 నుంచి, బాగా బరువు తగ్గి నిలబెట్టుకున్నవారి వివరాలు సేకరించే ఒక రిజిస్టరు ఉన్నది. వారిలో చాలామంది రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేసేవారు; నలుగురిలో ముగ్గురు కనీసం వారానికి ఒకసారి బరువు చూసుకునేవారు. తగ్గడంకంటే నిలబెట్టుకోవడం వేరే విద్య. దానికి వేరే సాధన కావాలి.

కొత్త ఇంజెక్షన్ల గురించి కూడా కొందరు అడిగారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనేవి బరువు తగ్గడానికి పనిచేసే మందులే. ఈ తరహా ఇంజెక్షన్లు 2025లో మన దేశపు దుకాణాలకు వచ్చాయి. కాని వాటితో కూడా ఏడాది పైచిలుకు గడిచేసరికి ముల్లు ఆగుతుంది. సెమాగ్లుటైడ్ మానివేసినవారికి ఏడాదిలో, పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరిశోధనలో తేలింది. ఎవరికి అవసరమో డాక్టరు నిర్ణయించవలసినదే గాని, పక్కింటివారి చీటీ పట్టుకుని కొనవలసినవి కావు.

ఇప్పుడు ఆ చివరి వాక్యానికి వద్దాం. ఈ సోదరి మొదలుపెట్టినది సన్నబడడానికి కాదు. తల్లికి పట్టిన గతి తనకు పట్టకూడదని. మధ్యలో ఎక్కడో చక్కెర మరుగున పడి, 55 అనే అంకె ముందుకు వచ్చింది. ఈ వ్యాధి విషయంలో మన ఉత్తర చెన్నైకి ఒక చరిత్ర ఉన్నది. 1948లో ఆచార్య ఎం. విశ్వనాథన్‌గారు స్టాన్లీ ఆసుపత్రిలో చక్కెర వ్యాధికి ప్రత్యేక వైద్యశాల ఆరంభించారు. 1954లో రాయపురంలో అందుకోసమే ఒక ఆసుపత్రి స్థాపించారు. ఆ తరువాత చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్‌గారి బృందం, చక్కెర వ్యాధి గుమ్మంలో ఉన్న 531 మందిని మూడేళ్ళపాటు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏ సలహా ప్రత్యేకంగా ఇవ్వనివారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. రోజూ అరగంట చురుకైన నడక, తక్కువ చక్కెర, తక్కువ నూనె, ఎక్కువ పీచుపదార్థం అనే నియమాలు పాటించినవారిలో నూటికి 39 మందికే వచ్చింది. అందులో విశేషమేమంటే, ఆ నియమాలు పాటించినవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. ముల్లు కదలలేదు; వ్యాధి మాత్రం వెనక్కు తగ్గింది.

ఇది మన ఊళ్ళో, మనవంటి మధ్యతరగతి మనుషులలో జరిగిన సంగతి. త్రాసు కొలిచేది శరీరపు బరువును మాత్రమే. నడక వల్ల కండ చక్కెరను వాడుకునే తీరు బాగుపడడం, గుండె బలపడడం, కాలేయంలోని కొవ్వు తగ్గడం త్రాసుకు తెలియవు. అందుచేత ముల్లు కదలని అయిదు నెలలూ వృథా అయినవి కావు. ఆ అయిదు నెలలూ రోజూ నడిచిన నాలుగు కిలోమీటర్లు తమ పని తాము చేస్తూనే ఉన్నవి. అందరిలాగా తిందామనుకుని నియమం వదిలితే పోయేది అదే. పోయిన బరువుతోపాటు చక్కెర కూడా వెనక్కు వచ్చే అవకాశం ఉన్నది. ఆమె ఎత్తుకు 55 కిలోలు మంచి బరువే, కాదనము. కాని 94 నుంచి 68కి వచ్చిన మనిషికి ఆరోగ్యంలో పెద్ద లాభం ఇప్పటికే చేతికి అందింది. మూడు నెలల సగటు చక్కెర, రక్తపోటు, నడుము కొలత, ఈ మూడింటినీ బరువు పక్కనే కాలెండరు మీద వ్రాసుకోవాలి. ఆ అంకెలు బాగున్నంతకాలం, నాలుగో అంకె ఆగినా దిగులు పడనక్కరలేదు.

ఇంట్లోని మిగిలినవారికి ఒక మనవి. బరువు తగ్గుతున్న మనిషి పళ్ళెంలోకి తొంగిచూడడం, "ఇంకా తగ్గలేదేమి" అని అడగడం, పండుగనాడు "ఈ ఒక్కరోజుకు తిను" అని బలవంతంగా బొబ్బట్టు వడ్డించడం, ఇవి మూడూ మానివేయండి. చాతనైతే తెల్లవారుజామున ఆవిడతో కలిసి నడవండి. నూనె కొలిచిన గిన్నె అందరిదీ అయితే, ఆవిడకు వేరే వంట చేసుకునే శ్రమ తప్పుతుంది. తల్లికి చక్కెర వ్యాధి ఉన్న ఇంట్లో కొడుకులకూ కూతుళ్ళకూ కూడా ఆ భయం ఉన్నదని మరువరాదు.

ఈ విషయమై వ్రాయదలచినవారు తమ వయస్సు, ఎత్తు, మొదటి బరువు, ఇప్పటి బరువు, నడుము కొలత, వాడుతున్న మందులు, నెలకు ఇంటికి కొనే నూనె, ఇంట్లో ఎందరు అన్న వివరాలు తప్పక తెలియజేయండి. బరువు ఆగిపోయి, తిరిగి దారిలో పడినవారు ఏమి చేశారో కూడా వ్రాస్తే, అవి మిగిలిన సోదరీమణులకు ఉపయోగిస్తాయి. వచ్చే సంచికలో మధ్యవయస్సు స్త్రీల మోకాళ్ళ నొప్పుల గురించి ముచ్చటించుకుందాం.